కారణం గడి

"ఈ కోర్సునే ఎందుకు ఎంచుకున్నారు?
మూడు వందల పదాలు మించకుండా రాయండి"
అంటుంది దరఖాస్తు.

నాకు పదాలు తక్కువండీ.
నాలుగేళ్లుగా నేను రాసేదల్లా
కోల్డ్ స్టోరేజీ లాగ్‌బుక్కు:
తేదీ, టైము, ఏ ఫీడరు, ఎన్ని నిమిషాలు ఆగింది,
చివర్న ఒక ఇరుకు గడి, కారణం.

ఆ గడిలో "ఓవర్‌లోడ్" అని రాస్తాను.
నాకు ముందు చేసినాయనా అదే రాశాడు,
ఆయన చేతిరాత నాకంటే గుండ్రంగా ఉండేది.

చిలకలూరిపేట రోడ్డు మీద మా గోదాము.
లోపల లక్ష బస్తాల మిరప
దుప్పటి కప్పుకున్న ఊరిలా నిద్రపోతుంటుంది.
బయట మే నెల.
ప్యానెల్ తలుపు తీస్తే ముందు తుమ్ము, తర్వాతే టెస్టరు.
కాంటాక్టర్ల సందుల్లోనూ ఎర్రటి దుమ్ము;
గుంటూర్లో కరెంటుకి కూడా కారం తగులుతుంది.

కంప్రెసర్లకి కొత్త డ్రైవులు పెట్టిన ఏడాది నుంచి
కెపాసిటర్లు పొట్టలు ఉబ్బి చచ్చిపోతున్నాయి.
ఆమీటరు ముల్లు మాత్రం బుద్ధిగా ఎర్రగీతకి ఇవతలే.
మరి ఓవర్‌లోడ్ ఎక్కడిది?
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.
కొత్తవి బిగించాం. బిల్లు పెట్టాం.

మస్తాన్‌వలి నల్లచెరువులో మోటార్లు చుడతాడు.
కాలిన వైండింగ్ ముక్కు దగ్గర పెట్టుకుని
"ఇది వేడికి పోయింది, ఇది తేమకి,
ఇదిగో ఇది మీ బద్ధకానికి" అంటాడు.
మా కెపాసిటర్ చేతిలో పెడితే మాత్రం
చాలాసేపు వాసన చూసి తిరిగిచ్చేశాడు.
"నా ముక్కుకి అందేది కాదు మేడమ్.
చదువుకున్నోళ్లు, మీరు చెప్పాలి."
ఆ మాట పట్టుకునే ఈ ఫారం తెరిచాను.
అది రాయొచ్చా ఇందులో?

బృందావన్ గార్డెన్స్‌లో మా ప్రొఫెసర్ గారింటికి వెళ్లాను.
వాళ్లావిడ ఇచ్చిన మజ్జిగలో అల్లం ఎక్కువైంది.
"నా దగ్గర చేరు. ఒక్క ప్రశ్న పట్టుకుని
మూడేళ్లు కూర్చో, పేరొస్తుంది.
ఆ పదహారు నెలల కోర్సా? థీసిస్ లేదు,
ఆఖరి సగం ఫ్యాక్టరీలో.
అది చదువు కాదమ్మా, తర్ఫీదు."

తప్పనలేకపోయాను.
ఆయన బోర్డు మీద గీసిన సైన్ తరంగం
ఇంకా నా కళ్లలోనే ఉంది, ఎక్కడా వంకర లేకుండా.
కానీ సార్, మా గోదాములో తరంగం అలా ఉండదు.
దానికి పళ్లున్నాయి.
అద్దెకి తెచ్చిన ఎనలైజర్‌లో ఒక్క పూట చూశాను;
చూడటం వచ్చింది, చదవటం రాలేదు.

ఫీజు నా ఇరవై రెండు నెలల జీతం.
నాలుగుసార్లు లెక్క వేశాను, తగ్గలేదు.
"ఇంత పోసి, మళ్లీ ఆ మిరపకాయల దగ్గరికేనా?"
అన్నాడు తమ్ముడు.
ఏమో. అవునేమో.
ఏ సిమెంటు ఫ్యాక్టరీకో, ఏ మెట్రోకో పోతానేమో.
ఫారం మాత్రం ఇప్పుడే చెప్పమంటుంది,
ఐదేళ్ల తర్వాత నన్ను నేను ఎక్కడ చూసుకుంటానో.
ఐదేళ్ల తర్వాతా తుమ్ముతూనే ఉంటాను,
అదొక్కటి ఖాయం.

రాత్రి రెండూ పది. ఇర్మియా ఫోను.
"మేడమ్, మూడో ఛాంబరు పోయింది."
ఫారం అలాగే వదిలేసి బండి తీశాను.

ఫ్యూజులు మార్చి,
కంప్రెసర్ గొంతు సర్దుకునేదాకా నిలబడి,
లాగ్‌బుక్కు తెరిచాను.
పెన్ను అలవాటుగా "ఓ" రాసేసింది.
కొట్టేసి, పక్కన
"తెలియదు" అని రాశాను.
నాలుగేళ్లలో ఆ గడిలో పడ్డ మొదటి నిజం.
ఇర్మియా తొంగిచూసి
"ఓనరు గారు ఊరుకోరు మేడమ్" అన్నాడు.

తెల్లారి ఇంటికొచ్చి
చేతుల మంట తగ్గకముందే
ఫారంలోనూ అదే రాశాను.

ఇంకా రెండు వందల తొంభై తొమ్మిది పదాలు
మిగిలాయి.